గంప కింద పిండి

ఉద్యోగంలో చేరిన రోజు నుంచి నేటి దాకా నేను డైరీ రాస్తూనే ఉన్నాను. వాన పడిందా లేదా, ఎవరు వచ్చారు, కచేరీలో ఏ పని జరిగింది, రాత్రి ఏం తిన్నాం, ఇంతే ఉంటుంది వాటిలో. మనసులో మాటలు రాసే అలవాటు నాకు లేదు. మా అన్న కూతురు చనిపోయిన ఆ వారమంతటికీ నేను రాసుకున్నది "వాన లేదు. అన్న ఇంట్లోనే ఉన్నాను" అని మాత్రమే. కాబట్టి మిగతాది జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నాను. గుర్తులేని చోట గుర్తులేదనే రాస్తాను.

అవి మైసూరు మహారాజావారి రోజులు. నేను పావగడ తాలూకా కచేరీలో గుమాస్తాను. అన్న వై.ఎన్.హొసకోట బడిలో హెడ్మాస్టరు. అందరిలాగే బడిలో కన్నడం, బయట తెలుగు. అన్నకు ఊళ్ళో ఒక పేరుండేది: అబద్ధమాడడని. ఒకసారి ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు హాజరు చూసి, "పిల్లలందరూ రోజూ వస్తారా?" అని అడిగాడు. పక్క ఊరి హెడ్మాస్టరు అయితే వస్తారనేవాడు, ఇన్‌స్పెక్టరు సంతోషంగా బండెక్కేవాడు. అన్న మాత్రం, "లేదు సార్, సగం మంది చేన్లలో చెనిక్కాయలు పెరకడానికి పోయినారు. కోత అయ్యేదాకా రారు" అన్నాడు. ఇన్‌స్పెక్టరు రిపోర్టు రాసి పంపాడు. అన్న పైకి ఎదగకపోవడానికి అదొక కారణం. మా వదిన ఆ సంగతి చెప్పి నవ్వేది. "మీ అన్న నాలుకకు మడత లేదు. పుట్టినప్పుడే ఇస్త్రీ చేసి పంపినారు" అనేది. ఆమెకు అప్పట్లో అదొక గొప్పగానే ఉండేది.

టీచరు ట్రైనింగు కోసం బెంగళూరు పోయినప్పుడు అన్నకు అక్కడెవరో పెద్దల ఉపన్యాసాలు వినే అవకాశం కలిగింది. ఆత్మ ఎట్లా పరిణామం చెందుతుంది అన్నది వాటి సారాంశం. ఆత్మ మొదట రాయిలో నిద్రపోతుంది. చెట్టులో కదులుతుంది. జంతువులో కళ్ళు తెరుస్తుంది. మనిషిలోకి వచ్చాక తానెవరో తెలుసుకోవడం మొదలుపెడుతుంది. అక్కడి నుంచి ఇంకా పైకి, మనకు కనబడని లోకాల్లోకి పోతుంది. ఒకసారి మనిషి మెట్టు ఎక్కిన ఆత్మ మళ్ళీ వెనక్కి, జంతువులోకి దిగదు. ఈ చివరి మాట అన్నకు చాలా ముఖ్యం. మన ఊళ్ళలో చచ్చినవాళ్ళు కుక్క అయి పుడతారు, బల్లి అయి పుడతారు అనడం ఆయనకు గిట్టేది కాదు. "ఐదో క్లాసు పాసైనవాణ్ణి మళ్ళీ అక్షరాలు దిద్దమని కూర్చోబెడతామా?" అని అడిగేవాడు.

పాత దుప్పటి ఒకటి తీసుకుని, దాని మీద తానే రంగులు వేసి ఏడు మెట్లు గీశాడు. కింద రాయి, దాని మీద జిల్లేడు మొక్క, మూడో మెట్టు మీద ఎద్దు. తర్వాత మూడు మెట్లలో మనుషులు: మొదటివాడు ఈటెతో, రెండోవాడు నాగలితో, మూడోవాడు చేతిలో పుస్తకంతో. ఏడో మెట్టు మీద బొమ్మ లేదు, ఉత్త పసుపు రంగు. ఎందుకన్నా అని అడిగితే, "నేను చూడనిదాన్ని ఎట్ల గీసేది?" అన్నాడు. ఆదివారం సాయంకాలం బడి వరండాలో ఆ దుప్పటి కట్టి చెప్పేవాడు. వినేవాళ్ళు పోస్టుమాస్టరు, ఇద్దరు టీచర్లు, బట్టల అంగడి శెట్టి, పొలం నుంచి నేరుగా వచ్చే ఒక రైతు. సెలవు దొరికినప్పుడు నేనూ పోయేవాణ్ణి.

"సారూ, నా ఎద్దు ఏ మెట్టు మీద ఉండాది?" అని అడిగాడు ఒకనాడు ఆ రైతు.

"మూడో మెట్టు. నీకంటే కింద."

"అదెట్లప్పా! అది నాకంటే ముందు లేస్తాది. ఎవుర్నీ తిట్టదు. అబద్ధమాడదు. న్యాయంగా అయితే నన్నే దాని కింద పెట్టాల."

"అబద్ధమాడేదానికి దానికి నోరుండాది గానీ మాట లేదు కదా," అన్నాడు శెట్టి. "మాట రానీ, నిన్నూ నన్నూ ఇద్దర్నీ అమ్మేస్తాది."

అందరూ నవ్వారు. అన్న కూడా నవ్వి, "మాట వచ్చినాక కూడా అబద్ధమాడకుండా ఉండేదే పై మెట్టు" అన్నాడు.

అన్నకు ఒక్కతే కూతురు. తొమ్మిదో ఏడు నడుస్తుండేది. ఆ దుప్పటి ఇంట్లో గోడకు ఆనించి ఉంటే రోజూ దాన్ని చూసేది గనుక దానికి సందేహాలు ఎక్కువ. ఒక రోజు అందరం సంగటి తింటూ ఉండగా, "నాన్నా, నేను ముందు పిట్టనే కదా?" అంది.

"అయ్యుండొచ్చు. చానా జన్మల కింద."

"మళ్ళా పిట్టనైతా."

"కాలేవమ్మా. మనిషయినాక వెనక్కి పోయేది లేదు."

"నాకు పోవాలనుంటే?"

"ఉన్నా కాదు."

"ఎవురు పోనీరు?"

వదిన, "తిను ముందు. సంగటి చల్లారిపోతే పిట్ట కూడా తినదు" అంది. ఆ పిల్ల చేతులు రెండూ ఆడించి, ఒక ముద్ద నోట్లో వేసుకుంది. ఇది నాకు బాగా గుర్తుంది. దీన్ని డైరీలో రాయలేదు. రాయవలసినంత సంగతి అనిపించలేదు.

ఆ ఎండాకాలం దానికి విషజ్వరం తగిలింది. కబురు అందగానే నేను పావగడ నుంచి డాక్టరును సర్వీసు బస్సులో పిలుచుకుని పోయాను. ఆయన చూసి, మందిచ్చి, నన్ను పక్కకు పిలిచి తల అడ్డంగా ఊపాడు. రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం పూట పోయింది. పెండ్లి కాని పిల్ల కాబట్టి కాల్చలేదు, మా పొలం గట్టు పక్కన పూడ్చాం.

శవం ఇంట్లో ఉండగానే వీధిలో ఆడవాళ్ళు వచ్చి కూర్చుని గొంతెత్తారు. అన్న లేచి నిలబడి, "ఏడవొద్దండి. మనం ఏడిస్తే దాన్ని కిందికి లాగినట్లయితాది. దాన్ని పోనీండి" అన్నాడు. గొంతు పెంచలేదు, బడిలో చెప్పినట్లే చెప్పాడు. ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఊరుకున్నారు. వదిన చీర కొంగు ఉండ చేసి నోట్లో కుక్కుకుంది. చావు జరిగిన ఇంట్లో అంత నిశ్శబ్దాన్ని నేను అంతకు ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. బయట ఎవరిదో గొర్రెల మంద పోతూ ఉంటే ఆ అరుపులే వినిపించాయి.

ఆ మరుసటి రోజు వదిన అన్నను అడిగింది. నేను అక్కడే ఉన్నాను.

"మళ్ళా ఎప్పుడొస్తాది?"

అన్న తాను చదివినదాన్ని చదివినట్లే చెప్పాడు. మంచి ఆత్మలు పైలోకంలో చాలా కాలం విశ్రాంతి తీసుకుంటాయని, కొన్ని వందల ఏండ్లు, ఒక్కోసారి వెయ్యేండ్లు కూడా పట్టొచ్చని, తర్వాత తమకు తగిన చోట పుడతాయని.

"ఈడికే వస్తాదా?"

"చెప్పలేం."

"వెయ్యేండ్లకు ఈ హొసకోట ఉంటాదా?"

అన్న ఆలోచించి, "ఉండకపోవచ్చు" అన్నాడు.

"మరి దానికి ఇంటి దావ ఎట్ల తెలుస్తాది?"

వదిన లేచి లోపలికి పోయి, మా మేనత్తను పిలిపించుకుంది.

ఇక్కడ మా వైపు ఒక ఆచారం గురించి చెప్పాలి. మనిషి పోయిన మూడో రోజు సాయంకాలం, తల పెట్టి పడుకోబెట్టిన చోట నేలను అలికి, గుడ్డలో జల్లించిన బియ్యప్పిండి పలుచగా పరుస్తారు. పక్కన దీపం పెట్టి, పిండి మీద వెదురు గంప బోర్లిస్తారు. తెల్లవారి గంప ఎత్తి చూస్తే పిండిలో గుర్తు ఉంటుంది. ఆవు గిట్ట కావచ్చు, పిట్ట కాలు కావచ్చు, పాము పాకిన గీత కావచ్చు. పోయినవాళ్ళు ఏ జన్మ ఎత్తబోతున్నారో అది చెబుతుంది. చిన్న పాదం కనబడితే మళ్ళీ అదే ఇంట్లో పుడతారని. పెండ్లి కాని పిల్లలకు మిగతా కర్మలేవీ ఉండవు. వాళ్ళకు ఉండేది ఈ పిండి ఒక్కటే.

గంప ఎవరు పడితే వాళ్ళు ఎత్తరు. మా వీధిలో ఆ పని మేనత్తది. నాన్నకు చెల్లెలు, ఒక కొడుకు పుట్టాక చిన్న వయసులోనే ముండమోసింది. తెల్లవారుజామున తలస్నానం చేసి, తడి చీరతోనే వచ్చి గంప ఎత్తుతుంది. తానొక్కతే వంగి చూస్తుంది, కనబడింది ఏదో పైకి చెబుతుంది, ఆ తర్వాతే ఇంటివాళ్ళను దగ్గరికి రానిస్తుంది.

ఆమె పిండి తెచ్చినప్పుడు అన్న వాకిట్లో ఉన్నాడు. ఇవన్నీ చీకటి రోజుల నమ్మకాలని అంతకు ముందు ఒక ఆదివారం సభలోనే చెప్పి ఉన్నాడు. ఆమె అది విన్నదే. "ఏమప్పా, పరచమంటావా, పొమ్మంటావా?" అని గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఆయమ్మకు కావాలంటే పరచండి," అని చెప్పి అన్న బడికి పోయాడు. రాత్రి అక్కడే పడుకున్నాడు.

వదిన ఆ సాయంకాలం ఆ మూడు రోజుల్లో మొదటిసారి మనిషిలా కదిలింది. నేల తానే అలికింది. పిండి తానే జల్లించింది. "అత్తా, పిట్ట కాలు చిన్నదిగా ఉంటాది కదా, కనపడతాదా?" అని అడిగింది. "కనపడతాది పో," అంది మేనత్త. "నా కంటికి చీమ కాలు కూడా కనపడతాది." వదిన ముఖంలో చిన్న నవ్వు లాంటిది వచ్చింది. దాన్ని నవ్వు అనొచ్చో లేదో.

నేను బయట జగిలి అరుగు మీద పడుకున్నాను. తెల్లవారుతూ ఉండగా తలుపు చప్పుడైతే లేచి చూశాను. మేనత్త అనుకున్నాను. అన్న. బడి నుంచి నడిచి వచ్చినట్లున్నాడు, చెప్పులు కూడా లేవు. నన్ను దాటుకుని లోపలికి పోయాడు. నేను వెనకాలే పోయాను. నేను గుమ్మం చేరేసరికే ఆయన గంప ఎత్తి చేత్తో పట్టుకుని మోకాళ్ళ మీద ఉన్నాడు. దీపం ఇంకా వెలుగుతోంది. ఆయన ముఖం దాదాపు నేలకు ఆనేలా వంగి ఈ పక్క నుంచి చూశాడు, ఆ పక్క నుంచి చూశాడు.

వదిన మూలలో పడుకున్నది లేచి వచ్చింది. "ఏముండాది?" అంది.

ఆయన ఇంకా వంగి చూస్తూనే ఉన్నాడు.

"చెప్పు. ఏముండాది?"

"ఏమీ లేదు."

"బాగా చూడు."

"చూసినా. పరిచింది పరిచినట్లే ఉండాది."

అప్పుడు మేనత్త వచ్చింది. తడి చీర నుంచి నీళ్ళు కారుతున్నాయి. గుమ్మంలోనే నిలబడిపోయి అన్న చేతిలో గంపను చూసింది. "జరుగప్పా, మగోళ్ళకు ఏం తెలుస్తాది? నేను చూస్తా" అంటూ గబగబా వచ్చి వంగింది. "ఇదో, ఈ మూల చూడు, ఇదో..." అని వేలు చూపించింది.

"వద్దులే అత్తా," అంది వదిన. "ఆయన చూసినాడు."

అంతే అంది. పొయ్యి దగ్గరికి పోయి కూర్చుంది. ఆ రోజు ఆమెకు ఎవరూ ఏడవొద్దని చెప్పాల్సిన అవసరం రాలేదు.

మేనత్తను ఇంటిదాకా దిగబెట్టడానికి నేను పోయాను. దావలో ఆమె నోరు ఆగలేదు. "చదువుకున్నోడు! నోట్లో ఒక మాట పుట్టలేదేమి వానికి? పిట్ట కాలు అంటే ఏం పోయేది? ఆ బిడ్డ పిట్ట పిట్ట అని కలవరిస్తానే ఉండె గదరా."

"లేంది ఎట్ల చెప్పేది అత్తా?" అన్నాను.

ఆమె నిలబడింది. "ఒరే, ఈ వీధిలో అందరిండ్లలో నేనే ఎత్తినా. ఎవురింట్లో ఏం కనపడిందనుకున్నావు?"

"ఏం కనపడింది?"

"పిండి," అంది. "పిండిలో పిండి కాక ఏముంటాది? గాలికి ఒక గీత పడింటాది, ఎలక పోయింటాది, అదీ ఒకోసారే. ఒకరు చెప్తే అందరికీ కనపడతాది. ఆ చెప్పేదానికే గదా నన్ను పిలిచేది."

మా నాన్న పోయినప్పుడు ఆవు గిట్ట కనబడిందంటే నేను వంగి నా కళ్ళతో చూశాను. ఇప్పటికీ ఆ గిట్ట ఆకారం గుర్తుంది.

తర్వాతి ఆదివారం అలవాటు ప్రకారం అందరూ బడి వరండాకు వచ్చారు. పరామర్శ కూడా అయినట్లుంటుందని కాబోలు. అన్న దుప్పటి కట్టాడు. సంగతి ఊరంతా తెలుసు. పోస్టుమాస్టరు ఓదార్చడానికే అన్నాడనుకుంటాను, "మీరు చెప్పిందే నిజమైంది సార్. మనిషి వెనక్కి పోడు. పిండిలో ఏ గుర్తూ లేదంటే అర్థమదే కదా" అన్నాడు.

"అవును," అన్నాడు అన్న. "అర్థమదే."

బెత్తం తీసుకుని మూడో మెట్టు దగ్గర పెట్టాడు. ఎద్దు మీద. తర్వాత నాలుగో మెట్టుకు జరిపాడు. అక్కడ ఆగిపోయాడు. రైతు, "సారూ, ఈ పొద్దుకు ఇడిసిపెడదాం లే" అన్నాడు. అన్న బెత్తం గోడకు ఆనించి, దుప్పటి విప్పి, అంచులు సరిచూసి మడిచాడు. ఆ దుప్పటిని మళ్ళీ కట్టలేదు. కొన్నాళ్ళు టీచర్లు అడిగారు, తర్వాత అడగడం మానేశారు.

ఆ వానాకాలంలో ఒకసారి ఇద్దరం పొలం గట్టు దగ్గరికి పోయాం. అక్కడ కొర్ర మొలకలు వచ్చి ఉన్నాయి. అన్న తనంతట తానే అన్నాడు. "బడిలో రాత్రంతా నాకు నేను చెప్పుకుంటానే ఉన్నా, అదంతా ఉత్తదే అని. తెల్లారేసరికి కాళ్ళు ఇంటికొచ్చినాయి. పిట్ట కాలు ఉంటాదనే ఎత్తినా రా. ఉండాలనే ఎత్తినా." ఆ మొలకల వైపు చూస్తూ, "మరి ఇన్నేండ్లు నేను చెప్పిందేంది?" అన్నాడు. నన్ను అడిగినట్లు లేదు. ఆయన అంతకాలం నమ్మిన నమ్మకాన్ని నిజం చేసిన పిండి అది. ఆ నమ్మకమే ఆయన దగ్గర మిగల్లేదు. వదినకు పిట్టా మిగల్లేదు, వెయ్యేండ్ల తర్వాతి పుట్టుకా మిగల్లేదు.

వాళ్ళు ఆ తర్వాత ఏండ్ల తరబడి ఒకే ఇంట్లో బతికారు. పోట్లాడుకోలేదు. వేళకు సంగటి, వేళకు నీళ్ళు. బయటివాళ్ళకు ఏ తేడా కనబడదు. ఒక్కటి మాత్రం అందరూ గమనించారు. వదిన వాకిట్లో ముగ్గు వేయడం మానేసింది. నీళ్ళు చల్లి, ఊడ్చి, అట్లానే వదిలేసేది. పండగ పూట పక్కింటి పిల్లలు వచ్చి వేస్తామంటే వేయనిచ్చేది. వాళ్ళు వేస్తున్నంతసేపూ లోపలే ఉండేది.

మధ్యలో మేనత్త పోయింది. ఆమె పిండి మీద గంప ఎత్తింది ఆమె కోడలు. చిన్న పాదం కనబడిందని చెప్పింది. అందరూ చూశారు. నేనూ వంగి చూశాను. నాకు పిండే కనబడింది. పాదం కనబడిందనే చెప్పాను.

వదినకు జబ్బు చేసినప్పుడు రెండో ప్రపంచ యుద్ధం ముగిసిపోయి ఉంది, బెంగళూరులో కాంగ్రెసువాళ్ళ జెండాల గొడవలు జరుగుతున్నాయని కచేరీలో చెప్పుకునేవాళ్ళు. మహారాజావారి పాలన ఇంక ఎన్నాళ్ళో ఉండదని కూడా. ఆమె కడుపులో గడ్డ. చివరి దినాల్లో ఒకసారి అన్న మందు కోసం పోయినప్పుడు నన్ను దగ్గరికి పిలిచింది.

"మరిదీ, నాకు పిండి పరచొద్దని చెప్పు."

"ఎందుకొదినా?"

"పరిస్తే ఆయన ఎత్తి చూస్తాడు. చూసి నిజం చెప్తాడు."

కోపంగా అనలేదు. ఆయన సంగటిలో ఉప్పు తక్కువైతే తినడు అన్నట్లు, మనిషి అలవాటు తెలిసినదానిలా అంది. నాకు ఇప్పటికీ తెలియనిది ఇదే: ఆయన నిజం చెబుతాడని ఆమెకు భయమా, లేక ఆయనకు మళ్ళీ ఆ పని పెట్టకూడదనా? అడిగి ఉండాల్సింది. అడగలేదు.

ఆమె చెప్పినట్లే చేశాం. మూడో రోజు సాయంకాలం ఎవరూ పిండి తేలేదు. ఆమె తల పెట్టి పడుకున్న చోటు అన్న తానే అలికాడు. అలికి, తడి ఆరేదాకా దాని పక్కనే కూర్చున్నాడు. నేను గడప మీద కూర్చున్నాను.

"పరిచి ఉంటే ఈసారి చెప్పేవాణ్ణి రా," అన్నాడు.

"ఏమని?"

నన్ను చూసి, మళ్ళీ నేలను చూశాడు. ఆమెకు ఏది కావాలని ఉండేదో గుర్తు తెచ్చుకుంటున్నాడని నాకు అర్థమైంది. ఆవా, పిట్టా, చిన్న పాదమా. ముప్పై ఏండ్లు ఒకే ఇంట్లో ఉన్న మనిషి.

"తెలీదు," అన్నాడు చివరికి. "ఆయమ్మ ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు."

నేల ఆరిపోయింది. దాని మీద అలికిన వేళ్ళ గీతలు వంపులు వంపులుగా ఉన్నాయి, అవి అన్న వేళ్ళవే. ఆ రోజు డైరీలో "వాన లేదు" అని రాసి, ఇంకేం రాయాలో తెలియక మూసేశాను.